షుగరు ఉన్నవారికి కొలెస్ట్రాల్ పరీక్ష: పరగడుపు ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు

కనిగిరి దగ్గర పల్లెలో ఉండే షుగరు పేషెంటు ఒంగోలు వెళ్ళి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవాలంటే లెక్క ఇలా ఉంటుంది. రాత్రి ఏడున్నరకు అన్నం తింటారు. గ్లిమెపిరైడ్ మాత్ర అన్నానికి ముందే పడింది. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఆరింటికి బస్సెక్కి, ఎనిమిదిన్నరకు ఒంగోల్లో దిగుతారు. టోకెన్ తీసుకుని, వరసలో కూర్చుని, రక్తం ఇచ్చేసరికి తొమ్మిదిన్నర. టిఫిను ముందు కూర్చునేసరికి పది. ల్యాబు చీటీ మీద రాసింది 12 గంటలు, గడిచింది పద్నాలుగున్నర. ఉదయగిరి నుంచి నెల్లూరుకు, మార్కాపురం నుంచి ఒంగోలుకు వచ్చేవారి సంగతీ దాదాపు ఇంతే. వీళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. కొందరు నీళ్ళు కూడా తాగకూడదనుకుని గొంతు ఎండబెట్టుకుని వస్తారు.

ఇంత పస్తు వల్ల పరీక్షకు ఒరిగేది చాలా తక్కువ. షుగరుకు ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ జాతి మాత్రలుగానీ వాడేవారికి మాత్రం దానివల్ల జరిగే కీడు చిన్నది కాదు. కాబట్టి మామూలుగా చేయించే కొలెస్ట్రాల్ పరీక్షకు టిఫిను తినే వెళ్ళాలి, పరగడుపు నియమాన్ని అవసరమైన కొద్ది సందర్భాలకే ఉంచుకోవాలి. ఎందుకో తెలియాలంటే రిపోర్టులోని అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయో చూడాలి.

తింటే ఏ అంకె ఎంత కదులుతుంది

లిపిడ్ ప్రొఫైల్‌లో (కొలెస్ట్రాల్ పరీక్షకు ల్యాబుల్లో వాడే పేరు) ల్యాబు నిజంగా కొలిచేవి సాధారణంగా మూడు: మొత్తం కొలెస్ట్రాల్, 'మంచి కొలెస్ట్రాల్' అనే హెచ్‌డీఎల్, రక్తంలో తిరిగే కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు. మిగతావి చాలావరకు ఈ మూడింటి నుంచి కట్టిన లెక్కలు. (ఈ వ్యాసంలో అంకెలన్నీ మన ల్యాబులు ఇచ్చే కొలతలోనే, అంటే డెసిలీటరు రక్తానికి ఇన్ని మిల్లీగ్రాములు.)

మనం తిన్న నూనె, నెయ్యి పేగుల్లో జీర్ణమై కైలోమైక్రాన్లు అనే పెద్ద రేణువుల రూపంలో రక్తంలోకి చేరతాయి. వాటి నిండా ఉండేది ట్రైగ్లిజరైడ్లే. అందుకే తిన్న తర్వాత ఆ అంకె పెరుగుతుంది. మూడు నాలుగు గంటలకు గరిష్ఠానికి చేరి, మెల్లగా దిగుతుంది. కొలెస్ట్రాల్ సంగతి అలా కాదు. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో అధికభాగం కాలేయం, ఇతర కణాలు తయారుచేసుకున్నదే. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు మధ్యాహ్నానికి దాన్ని పైకి లేపవు.

యూరప్‌లోని అథెరోస్క్లెరోసిస్ సొసైటీ, అక్కడి క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య కలిసి 2016లో ఇచ్చిన ఉమ్మడి ప్రకటనలో ఈ మార్పుల సగటు లెక్కలున్నాయి. రోజూ తినే తిండి తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు రక్తం తీస్తే ట్రైగ్లిజరైడ్లు 26 పెరుగుతాయి. మొత్తం కొలెస్ట్రాల్ 8, 'చెడు కొలెస్ట్రాల్' అనే ఎల్‌డీఎల్ 8, నాన్-హెచ్‌డీఎల్ (మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) 8 చొప్పున తగ్గుతాయి. హెచ్‌డీఎల్ కదలదు. తింటే కొలెస్ట్రాల్ పెరిగి కనిపిస్తుందన్న భయానికి ఈ అంకెల్లో ఆధారం లేదు. పైగా కాస్త తగ్గుతోంది. భోజనంతో పాటు తాగే నీళ్ళు, మజ్జిగ, సాంబారు రక్తాన్ని కొద్దిగా పలచన చేయడమే దానికి ముఖ్య కారణం. ఎండాకాలంలో నీళ్ళు తాగకుండా వస్తే దీనికి ఎదురు జరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడి, కొలెస్ట్రాల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు.

డెన్మార్క్ 2009 నుంచే తిన్నాక తీసిన రక్తంతో పరీక్ష చేయడం మొదలుపెట్టింది. బ్రిటన్ 2014లో అదే దారి పట్టింది. అమెరికా గుండె వైద్య సంఘాల 2018 మార్గదర్శకాలు రెండు పద్ధతులూ పనికొస్తాయన్నాయి. మన దేశంలో కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలూ పరగడుపు లేని పరీక్షనే సిఫారసు చేశాయి. ల్యాబు చీటీల మీది పాత వాక్యం మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది.

ఎల్‌డీఎల్ లెక్క ఎక్కడ జారుతుంది

డాక్టర్లు ముందుగా చూసేది ఎల్‌డీఎల్‌ను. చాలా ల్యాబుల్లో అది నేరుగా కొలిచిన అంకె కాదు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు కూడా తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ఆ అయిదో వంతు వీఎల్‌డీఎల్‌లోని (కాలేయం ట్రైగ్లిజరైడ్లు నింపి రక్తంలోకి పంపే రేణువులు) కొలెస్ట్రాల్‌కు ఒక అంచనా మాత్రమే. ధాన్యం ఆడించి మూట మొత్తం తూచి, అందులో తౌడు ఇంత ఉంటుందని అంచనా వేసి తీసేసి, మిగిలింది బియ్యం అని రాసుకున్నట్టు. తౌడు అంచనా ఎక్కువైతే బియ్యం లెక్క తక్కువ పడుతుంది.

తిన్న తర్వాత జరిగేది ఇదే. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పరగడుపున మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 160 ఉన్నాయి. 160లో అయిదో వంతు 32. ఎల్‌డీఎల్ 118 వస్తుంది. అదే మనిషికి టిఫిను తర్వాత మొత్తం కొలెస్ట్రాల్ 186, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 210 వచ్చాయనుకోండి. 210లో అయిదో వంతు 42. ఎల్‌డీఎల్ 104. రక్తంలో అసలు మార్పు స్వల్పమే అయినా కాగితం మీద 14 తగ్గింది. ఇప్పుడు మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేసి చూడండి. పరగడుపున 150, తిన్నాక 146. ఈ అంకె పేరే నాన్-హెచ్‌డీఎల్. ఇందులో ట్రైగ్లిజరైడ్ల అంచనా లేదు కాబట్టి జారుడూ తక్కువ. రక్తనాళం గోడలోకి చొరబడి పూడిక కట్టే రేణువులన్నిటి కొలెస్ట్రాల్ ఇందులో ఉంటుంది, ఎల్‌డీఎల్‌లోది మాత్రమే కాదు. షుగరు ఉన్నవారికి ఎల్‌డీఎల్ కన్నా ఇదే నమ్మదగిన కొలత అని గట్టిగా చెప్పవచ్చు. రిపోర్టులో ఈ వరస లేకపోతే మీరే తీసివేత చేసుకోవచ్చు, అదనపు ఖర్చేమీ లేదు.

పొరపాటు ఎక్కువ నష్టం చేసేది ఇప్పటికే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వాడుతున్నవారిలో. మొత్తం కొలెస్ట్రాల్ 138, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 260 అనుకుందాం. సూత్రం ప్రకారం ఎల్‌డీఎల్ 48. చూడగానే బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. మాత్ర సగం చేద్దామన్న ఆలోచన పేషెంటుకే వస్తుంది. నాన్-హెచ్‌డీఎల్ మాత్రం 100. షుగరు ఉన్నవారికి భారతీయ మార్గదర్శకాలు పెట్టిన హద్దు ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 100 లోపు. ఇప్పటికే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికైతే 55, 85. అంటే ఈ మనిషి ఇంకా అంచు మీదే ఉన్నారు. ఎల్‌డీఎల్ తక్కువగా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న ఇలాంటి చోటే పాత సూత్రం బాగా తప్పుతుంది. 2013లో వచ్చిన మార్టిన్-హాప్కిన్స్ పద్ధతి, 2020లో వచ్చిన శాంప్సన్ సూత్రం దీన్ని చాలావరకు సరిచేశాయి. మీ ల్యాబు ఏది వాడుతుందో అడగడంలో తప్పులేదు.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అసలు పనికిరాదు. ఆ పైన సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ముద్రించినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

షుగరు ఉంటే తేడా ఎంత

షుగరు ఉన్నవారికి ఈ వెసులుబాటు వర్తించదని ఇప్పటికీ కొందరు వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజముంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే కాలేయం వీఎల్‌డీఎల్ ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తంలోని కొవ్వును కరిగించే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము మందగిస్తుంది. తిన్న కొవ్వు ఎక్కువసేపు రక్తంలోనే తిరుగుతుంది. అందుకే వీరి రిపోర్టుల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం మామూలు. డెన్మార్క్ పరిశోధకులు కోపెన్‌హేగన్‌లో 58 వేలమందికి పైగా పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తిన్న తర్వాత ఒకటి నుంచి మూడు గంటల మధ్య ఎల్‌డీఎల్ తగ్గుదల షుగరు ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపించింది. 

అయితే ఆ కొద్ది తేడా వల్ల వైద్యం మారుతుందా? 40 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసులో షుగరు ఉన్నవారికి ఎల్‌డీఎల్ ఎంతున్నా కనీసం మధ్యస్థ మోతాదు స్టాటిన్ ఇవ్వాలన్నది అమెరికా మార్గదర్శకాల మాట. మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది 8 మిల్లీగ్రాముల మీద ఆధారపడదు. ఆ మందుల ఉపయోగాన్ని నిరూపించిన పరిశోధనల్లో ముఖ్యమైన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో షుగరు ఉన్నవారే 5,963 మంది ఉన్నారు. అందులో రక్తం తీసింది పరగడుపున కాదు. ఇంకో సంగతి. మనిషి రోజులో ఎక్కువ భాగం ఏదో ఒకటి తిన్న స్థితిలోనే ఉంటాడు, రక్తనాళాలు దెబ్బతినేదీ అప్పుడే. 2007లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో, ఒకటి కోపెన్‌హేగన్‌లో, ఒకటి అమెరికా మహిళల్లో, తిన్నాక కొలిచిన ట్రైగ్లిజరైడ్లు గుండె జబ్బు ముప్పును బాగా పట్టిచ్చాయి. పరగడుపున అందంగా కనిపించే రిపోర్టు ఆ ముప్పును దాచిపెట్టవచ్చు.

టిఫిను కన్నా ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా తారుమారు చేసేవి వేరే ఉన్నాయి. షుగరు అదుపు తప్పి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 11 ఉన్న మనిషికి పరగడుపున తీసినా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువే వస్తాయి. షుగరు దిగితే అవీ దిగుతాయి. ముందు రోజు సాయంత్రం తాగిన మద్యం, పట్టించుకోని థైరాయిడ్ లోపం, మూత్రంలో ప్రొటీన్ పోతున్న కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇంతే. జ్వరమో ఇన్ఫెక్షనో వచ్చి లేచిన వారంలో ఎల్‌డీఎల్ తక్కువగా కనిపిస్తుంది. ఇవేవీ లేకపోయినా ఒకే మనిషి ట్రైగ్లిజరైడ్లు ఒక రోజుకూ ఇంకో రోజుకూ 20 శాతం అటూఇటూ కావడం సహజం.

పస్తులో అసలు ముప్పు

లో షుగర్ అంటే 70 కన్నా తక్కువ. 54 కన్నా దిగితే ప్రమాదం. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు తిండి పడినా పడకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. 30/70 మిక్స్ ఇన్సులిన్ రాత్రి వేసుకుంటే అందులో నిదానంగా పనిచేసే భాగం తెల్లవారినా ఒంట్లో ఉంటుంది. గ్లిబెన్‌క్లమైడ్ వయసు మళ్ళినవారిలో, కిడ్నీలు బలహీనపడినవారిలో మరీ ఎక్కువసేపు నిలుస్తుంది. వీటిమీద పద్నాలుగు గంటల పస్తు, బస్సు ప్రయాణం, ల్యాబు మెట్లు కలిస్తే చెమటలు పట్టి, కాళ్ళూ చేతులూ వణికి, మాట తడబడి, దారిలోనే పడిపోవచ్చు. బండి నడుపుతూ వచ్చేవారి పరిస్థితి ఊహించుకోవచ్చు. ల్యాబుకు పరగడుపున వెళ్ళే దారిలో వచ్చే ఈ లో షుగర్‌కు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వైద్యుడు సాలే అల్దసూకీ ఒక ప్రత్యేకమైన పేరే పెట్టి, ఇది చాలాకాలంగా ఎవరూ పట్టించుకోని సమస్య అని రాశారు. మన దగ్గర దీన్ని 'నీరసం వచ్చింది', 'కళ్ళు తిరిగాయి' అని సరిపెట్టుకుంటారు. ఏ కాగితంలోనూ నమోదు కాదు.

మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, డపాగ్లిఫ్లోజిన్ ఒంటరిగా వాడేవారికి ఈ భయం బాగా తక్కువ. చిక్కేమిటంటే మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి రెండు మూడు మందులు కలిపిన మాత్రలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటున్నాననుకునేవారి అట్ట వెనక చదివితే గ్లిమెపిరైడ్ కూడా ఉంటుంది. అట్టను డాక్టరుకో మందుల షాపు ఫార్మసిస్టుకో చూపించి తెలుసుకోవాలి.

ఆ మూడో మందు వోగ్లిబోస్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. అది పేగుల్లో చక్కెర విడిపోవడాన్ని ఆపుతుంది. లో షుగర్ వచ్చినప్పుడు వీరికి పంచదార, బెల్లం, మిఠాయి వెంటనే పనిచేయవు. మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడే నీళ్ళలో కలిపి తాగాలి. మిగతావారికి పంచదారైనా సరే. కొలత 15 గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాలు. 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి, 70 దాటకపోతే ఇంకోసారి అంతే తీసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కు ఫోన్ చేయాలి.

తిని వెళ్ళేటప్పుడు, పరగడుపున వెళ్ళాల్సి వస్తే

తిని వెళ్ళడమంటే ఎప్పుడూ తినే టిఫిను తిని, ఎప్పుడూ వేసుకునే మాత్రలు వేసుకుని వెళ్ళడం. ఇడ్లీ, నెల్లూరు కారం దోశ, రాగి సంగటి, ఏదైనా సరే, అలవాటైన పాళ్ళలో ఉండాలి. పెళ్ళి విందుకో బిర్యానీకో వెళ్ళొచ్చిన పూట మానేసి మరుసటి రోజు వెళ్ళండి. ల్యాబులో అయిదు పది నిమిషాలు కూర్చున్నాకే రక్తం ఇవ్వాలి. నడిచొచ్చి వెంటనే ఇస్తే, చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటి బిగిసి ఉంటే అంకెలు కాస్త పెరుగుతాయి. ఏడాదికోసారి చేయించే పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ కూడా పరగడుపు అడగవు. క్రియాటినిన్ కోసం ముందురోజు రాత్రి మాత్రం మాంసం, చేపల పులుసు ఎక్కువగా తినకపోతే మంచిది, వండిన మాంసం ఆ అంకెను పెంచుతుంది. అంటే లిపిడ్ ప్రొఫైల్‌తో కలిపి ఈ నాలుగూ పొద్దున పదకొండింటికి ఒకే సూదితో, ఒక మూత్రం సీసాతో అయిపోతాయి. ఎఫ్‌బీఎస్ (పరగడుపు షుగరు) ఒక్కదానికే ఎనిమిది గంటల పరగడుపు కావాలి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే అది లేవగానే ఇంట్లోనే చూసుకోవచ్చు. ల్యాబులోనే పీపీబీఎస్ (తిన్నాక చూసే షుగరు) కూడా ఇచ్చేవారు తిన్న రెండు గంటలకు తీసే ఆ రక్తంలోనే లిపిడ్ ప్రొఫైల్ చేయమని అడగవచ్చు.

రంజాన్ నెలలో, కార్తీక సోమవారాల్లో, శనివారం ఒక్కపొద్దులున్న ఇళ్ళలో 'ఎలాగూ పస్తే కదా, పరీక్ష కూడా చేయించేద్దాం' అనుకోవడం ఉంది. ఉపవాసం విరమించాక తినే భారీ భోజనం, మారిన మందుల వేళలు ఆ రోజుల అంకెల్ని ఎలాగూ కదిలిస్తాయి. మామూలు రోజులకు వాయిదా వేయడం మేలు.

ఇక పరగడుపు నిజంగా కావాల్సిన సందర్భాలు. తిన్నాక తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మళ్ళీ పరగడుపున చూడాలి. ఇంతకు ముందే ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువని తెలిసి చికిత్సలో ఉన్నవారు, వాటివల్ల క్లోమం వాచి కోలుకుంటున్నవారు, వాటిని బాగా పెంచే మందులు మొదలుపెట్టబోతున్నవారు కూడా పరగడుపునే ఇవ్వాలి. ట్రైగ్లిజరైడ్లు తిన్నాక 175 వరకు, పరగడుపున 150 వరకు ఉంటే మామూలుగా లెక్కిస్తారు.

ఇలాంటివారు కూడా 8 నుంచి 12 గంటలకు మించి పస్తుండకూడదు. దూరం నుంచి వచ్చేవారు రాత్రి భోజనాన్ని తొమ్మిదింటికి జరుపుకుంటే పొద్దున ఎనిమిదిన్నరకు పదకొండున్నర గంటలు నిండుతాయి. ముందు రోజే ల్యాబుకు ఫోన్ చేసి, షుగరు మందులు వాడుతున్నానని చెప్పి మొదటి వరసలో తీసుకోమని అడగాలి. మంచినీళ్ళు ఎన్నైనా తాగవచ్చు. బీపీ, థైరాయిడ్ మాత్రలు నీళ్ళతో వేసుకోవచ్చు. పొద్దుటి షుగరు మాత్ర, భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ టిఫిను ముందుకొచ్చేదాకా ఆగాలి. రాత్రి వేసే మాత్ర, ఇన్సులిన్ మోతాదు తగ్గించాలా అన్నది ముందే డాక్టరును అడగాలి. టైప్ 1 షుగరు ఉన్నవారు మాత్రం 24 గంటలు పనిచేసే ఇన్సులిన్‌ను ఏ కారణానా మానకూడదు. సంచిలో టిఫిను డబ్బా, గ్లూకోజ్ పొడి, మీటరు పెట్టుకోండి. బండి నడపకండి, తోడు ఒకరుంటే మంచిది. దారిలో వణుకు వచ్చినా, మీటరులో 70 లోపు చూపించినా అక్కడే తినేయాలి. పరీక్ష ఇంకో రోజు చేయించుకోవచ్చు.

ఏ పద్ధతిలో ఇచ్చినా, చివరిసారి ఎన్నింటికి ఏం తిన్నారో ల్యాబు ఫారం మీద రాయించండి. ఆ ఒక్క వరస లేకపోతే ట్రైగ్లిజరైడ్లు 210 అన్న అంకెకు అర్థం చెప్పడం డాక్టరుకు కష్టం. స్టాటిన్ మొదలుపెట్టాకా, మోతాదు మార్చాకా 4 నుంచి 12 వారాల్లో మళ్ళీ చూపించుకోవాలి, కుదురుకున్నాక ఏడాదికోసారి చాలు. ఒకసారి పరగడుపున, ఇంకోసారి తిన్నాక ఇచ్చి ట్రైగ్లిజరైడ్లను పోల్చుకోకండి. పోల్చాల్సి వస్తే నాన్-హెచ్‌డీఎల్‌ను పోల్చండి. తీసిన రక్తం పైతేట పాలలా తెల్లగా ఉందని ల్యాబు వాళ్ళంటే, ట్రైగ్లిజరైడ్లు 880 దాటితే, మళ్ళీ పరీక్ష కోసం వారాలు ఆగొద్దు, ఆ రోజే డాక్టరును కలవండి. దానితో పాటు పై కడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, వాంతులు ఉంటే క్లోమం వాచిందేమోనని అనుమానించి నేరుగా నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.